గోడ దాటొచ్చిన సిస్టరమ్మలు

మాఘమాసం చివర్లో నిజామాబాదు నుంచి ఆర్మూరు పోయే బస్సెక్కితే నేను కిటికీ పక్కన కూర్చోను. అంకాపూర్ ఇంకా రాకముందే పొలాల గట్ల మీద పెట్టిన బాయిలర్ల నుంచి ఉడికే పసుపు వాసన లేస్తుంది. తడి మట్టి, ఆవిరి, కొంచెం కర్పూరం, కొంచెం చేదు కలిసిన ఆ వాసనకు బస్సులో ఉన్నవాళ్ల ముఖాలు విప్పారతాయి, ఎవరో ఒకరు "ఆర్మూరొచ్చినట్టే" అంటారు, శివరాత్రి సెలవుకు వచ్చే పిల్లలు ముక్కులు ఎగబీలుస్తారు. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. పక్క సీటామె పడదా అని అడిగితే పడదనే చెబుతాను. పసుపు మోసిన తండ్రికీ పసుపు ఏరిన తల్లికీ పుట్టిన మనిషికి ఆ వాసన ఎందుకు పడదో బస్సు ఆర్మూరు చేరేలోపల చెప్పి ముగించగలిగేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, మేము మార్కెట్ యార్డు వెనక గల్లీలో ఉండేవాళ్లం. నల్లరాళ్ల గుట్ట ఎండకు కాగి సాయంత్రం దాకా వేడి వదులుతుంటే, మా రేకుల ఇళ్లు ఆ వేడిని పట్టుకుని కూర్చునేవి. బాపు యార్డులో హమాలీ, సాయంత్రం ఇంటికొస్తే మెడ మీద, చెవుల వెనక, కనురెప్పల మీద కూడా పసుపే. స్నానం చేసిన నీళ్లు వాకిట్లో పచ్చగా పారేవి. అమ్మ సీజనులో పసుపు కొమ్ములు ఏరడానికి, పాలిష్ షెడ్డుకు పోయేది, తక్కిన కాలమంతా గల్లీలో అందరు ఆడవాళ్లలాగే గడప మీద కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. వానాకాలంలో నానబెట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, పక్కింట్లో కాలుతున్న మక్కజొన్న కంకులు, బోరింగు కాడ ఆడవాళ్ల కొట్లాట, ఇవన్నీ కలిసిన గాలిలో మేము చిర్రగోనె ఆడేవాళ్లం, గోనెసంచుల గుట్టల వెనక దాక్కునేవాళ్లం, యార్డు గోడ కింద రాలిన పసుపు పొడిని ఉమ్మితో తడిపి ఒకరి ముఖాలకు ఒకరం పూసుకునేవాళ్లం. బతుకమ్మ పండుగకు తంగేడు పువ్వు కోసం గుట్ట చుట్టూ తిరిగి కాళ్లకు ముళ్లు గుచ్చుకుని, ఇంటికొచ్చి అమ్మ చేసిన మలీద ముద్దలు బెల్లం వేళ్లకు అంటుకునేలా తినేవాళ్లం.

మా గల్లీకి అర మైలు దూరంలో, పెద్ద రోడ్డు మీద, సిస్టర్ల బడి ఉండేది. బడి అనడమే కానీ మాకు కనిపించేది గోడ. ఇద్దరు మనుషుల ఎత్తు, పైన సిమెంటులో గుచ్చిన సీసా పెంకులు, నడుమ ఆకుపచ్చ రంగు ఇనుప గేటు. పసుపు కొని అమ్మే అడ్తిదారుల పిల్లలు టైలు కట్టుకుని రిక్షాల్లో దిగి ఆ గేటులోంచి లోపలికి పోయేవాళ్లు. గోడ లోపల మామిడిచెట్లున్నాయని, ఒక నల్ల కుక్క ఉందని, తెల్లబట్టల సిస్టర్లు గుసగుసగా ఇంగ్లీషులో పాడతారని విన్నాం. మా గల్లీలో ఉన్న నాలుగు క్రైస్తవ కుటుంబాలు ఆదివారం అక్కడి ప్రార్థనకు పోయేవి, వాళ్లు కూడా వెనక బెంచీల మీదనే కూర్చునేవాళ్లట.

ఆ గోడ లోపలి నుంచి ఇద్దరు సిస్టర్లు బయటికి వచ్చి మా గల్లీలో కిరాయికి దిగారు. బళ్లు తెరిచిన కొత్త, చినుకులు పడుతున్నాయి. రిక్షాలో రెండు ట్రంకు పెట్టెలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, చాపలు చుట్టిన కట్ట. తెల్లబట్టలు లేవు. ముతక నూలు చీరలు, కాళ్లకు రబ్బరు చెప్పులు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, అదీ రవికె లోపలే. అమ్మ చాట పక్కన పెట్టి, "ఏం సిస్టరమ్మా, మీ బడి పడిపోయిందా ఏంది?" అని అడిగితే, పెద్దావిడ నవ్వి, "లేదమ్మా, మేము మీతో ఉండుటకు వచ్చాము" అంది. ఆ తెలుగుకు గల్లీకి గల్లీ వారం రోజులు నవ్వుకుంది.

ఆ పెద్దావిడ పేరు ఆగ్నెస్. కేరళ మనిషి, అప్పటికే యాభై దాటినది, ఎత్తరి, ఉబ్బసం మనిషి. ఎవరికీ "నువ్వు" అనేది కాదు. ముక్కు కారుతున్న పోరగాళ్లను కూడా "మీరు భోజనము చేశారా" అని అడిగేది. చిన్నావిడ శాంత. వేల్పూర్ దగ్గర పల్లెలో కూలిపని చేసే వాళ్ల బిడ్డ, మా మాటే మాట్లాడేది, కోపమొస్తే మా అమ్మకంటే గట్టిగా అరిచేది. మేము ఒకామెను పెద్ద సిస్టరమ్మ, ఒకామెను చిన్న సిస్టరమ్మ అనేవాళ్లం. వాళ్లిద్దరూ గోడ లోపల బడిలో ఏళ్లకేళ్లు పాఠాలు చెప్పి, పేదోళ్ల కోసం వచ్చి పేదోళ్లను చూడకుండానే ముసలివాళ్లమైతున్నామని తమ మదర్‌ను బతిమాలి, ఒక్క ఏడాదికి అనుమతి తీసుకుని వచ్చారని తర్వాత ఎప్పుడో తెలిసింది. మదర్ ఇష్టం లేకుండానే ఒప్పుకుందట.

గల్లీ చివర వాళ్లు దిగిన రెండు గదులు మా సావుకారివి. ఆ వరస ఇళ్లన్నీ ఆయనవే, పాలిష్ షెడ్డు ఆయనదే, బాపు బస్తాలు మోసే అడ్తి కూడా ఆయనదే. ఆయన పేరుతో ఎవరూ పిలవరు గనక నేనూ సావుకారి అనే అంటాను. చెడ్డవాడిలా కనిపించే మనిషి కాదు. పండుగకు గల్లీ పిల్లలందరికీ పేలాల ఉండలు పంచేవాడు, ముసలివాళ్లను "అవ్వా" అని పిలిచేవాడు. మనవలు ఆ గోడ లోపలి బడిలోనే చదువుతుండేవాళ్లు గనక సిస్టర్లకు గదులిచ్చినందుకు మొదట్లో గొప్పగా చెప్పుకునేవాడు.

సిస్టరమ్మలు మా మధ్య చేసిందేమిటని ఇప్పుడు లెక్కపెట్టి చెప్పమంటే చిన్నచిన్నవే. బోరింగు కాడ వరసలో నిలబడ్డారు. అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టడం నేర్చుకున్నారు. శాంత సిస్టరమ్మకు నెల తిరిగేసరికి చెయ్యి కుదిరింది, ఆగ్నెస్ సిస్టరమ్మ చుట్టినవి మాత్రం చివరి దాకా ఒకటి లావుగా ఒకటి సన్నగా వచ్చేవి, కంపెనీలో తీసి పారేసేవాళ్లు, పైగా తంబాకు దుమ్ముకు ఆమెకు దమ్ము లేచేది. అయినా మానలేదు. సాయంత్రం నాలుగింటికి వాళ్ల గదిలో చాప పరిచి మమ్మల్ని కూర్చోబెట్టి చదువు చెప్పేవాళ్లు. సర్కారు బడిలో మూడో తరగతికి వచ్చి కూడా నాకు అక్షరాలు కూడబలుక్కోవడం రాదు. పెద్ద సిస్టరమ్మ నా వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద పెట్టి, మా తెలుగు ఆమె నాకు నేర్పింది. దసరాకు శాంత సిస్టరమ్మ కొంగు బిగించి మా ఆడవాళ్లతో కలిసి బతుకమ్మ ఆడింది, చిన్నప్పటి పాటలు ఒక్కటీ మరిచిపోలేదు. ఆ సాయంత్రం గల్లీ మొత్తం ఆమెను తమ ఆడబిడ్డ అంది. మరుసటి ఆదివారం మా క్రైస్తవ కుటుంబాల వాళ్లు ఆమెను చూసి ముఖం తిప్పుకున్నారని అమ్మ చెప్పింది.

క్రిస్మసుకు వాళ్ల గది ముందు వెదురు బద్దలు, రంగు కాగితాలతో నక్షత్రం కట్టారు. మేము పిల్లలమే అంటించాం, మైదాపిండి సగం మా జుట్టుకే అంటింది. అందరికీ అరిసెముక్క, గుప్పెడు బటాణీలు పెట్టారు. ఎవరినీ ప్రార్థన చేయమనలేదు. నేను అడిగితే కూడా పెద్ద సిస్టరమ్మ, "మీ ఇంట్లో దేవుడు ఉన్నాడు కదా, ఆయనకు చేయండి" అంది.

సంక్రాంతి దాటినంక నాకు జ్వరం పట్టుకుంది. పసుపు పని మొదలైన రోజులు, అమ్మ పనికి పోకపోతే చోటు ఇంకొకరికి పోతుంది. నన్ను తీసుకుపోయి సిస్టరమ్మల చాప మీద పడుకోబెట్టి పోయింది. మూడు రోజులు. పెద్ద సిస్టరమ్మ ఇత్తడి గిన్నెలో నీళ్లు పెట్టుకుని, గుడ్డ ముంచి పిండి నా నుదుటి మీద వేసేది, వేడెక్కగానే మార్చేది. జావ తాగించేది. మూడో రోజు జ్వరం దిగి నేను కళ్లు తెరిస్తే ఆమె గోడకు ఆనుకుని, దమ్ముతో ఛాతి ఎగిరిపడుతుండగా, నా చెయ్యి పట్టుకునే నిద్రపోతోంది. నీళ్లు, గుడ్డ, గిన్నె. జరిగింది అంతే. దీన్ని ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో ముందుముందు తెలుస్తుంది.

గంగు చిన్నమ్మ మా అమ్మ చెల్లెలు. పంతొమ్మిదేళ్లది, మా ఇంట్లోనే ఉండేది. గల్లీలో ఆమె అంత తొందరగా బీడీలు చుట్టేవాళ్లు లేరు. కళ్లు ఎక్కడో, మాట ఎక్కడో, వేళ్లు మాత్రం వాటంతటవి తిరిగేవి. ఆ సీజనులో అమ్మా చిన్నమ్మా ఇద్దరూ సావుకారి పాలిష్ షెడ్డుకు పోయారు. ఎండిన పసుపు కొమ్ముల్ని పెద్ద ఇనుప డ్రమ్ములో వేసి మోటరుతో తిప్పుతారు, పైతొక్క రాలి కొమ్ములు నిగనిగలాడతాయి, షెడ్డంతా పచ్చటి దుమ్ము లేచి ఎదురుగా ఉన్న మనిషి కనపడదు. మోటరు బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన రేకు ఊడిపోయి చాలా రోజులైందట. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ ఊడ్చిన పొడి ఎత్తడానికి వంగితే కొంగు బెల్టుకు చిక్కుకుంది. లాక్కోబోయిన కుడిచెయ్యి కూడా దానితోపాటు పోయింది. అమ్మ పక్కనే ఉంది. మోటరు ఆపింది అమ్మే.

నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో మనుషులు. శాంత సిస్టరమ్మ చిన్నమ్మను ఆటోలో ఒళ్లో పెట్టుకుని నిజామాబాదు పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. మూడు వేళ్లు తీసేశారు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. పన్నెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి, గోడ వైపు తిరిగి పడుకుని, ఎడమచేత్తో బీడీ ఆకు ఒకటి పట్టుకుని దాన్ని చుడుతూ విప్పుతూ, చుడుతూ విప్పుతూ ఉండేది.

సావుకారి చూడటానికి రాలేదు. మనిషిని పంపి చెప్పించాడు. ఆ పిల్ల తన షెడ్డులో పని చేయనేలేదని, అక్కకు సద్ది ఇవ్వడానికి వచ్చి ఆడుకుంటూ చెయ్యి పెట్టిందని. చిన్నమ్మ గోడ వైపు తిరిగే ఉండి, "నేను ఆడుకున్ననా అక్కా?" అని మాత్రం అడిగింది.

శాంత సిస్టరమ్మ అర్జీ రాసింది. లేబర్ ఆఫీసుకు. చిన్నమ్మ ఆ షెడ్డులో రెండు సీజన్ల నుంచి పనిచేస్తున్నదని, బెల్టుకు రేకు లేదని, ఇప్పటికీ లేదని. దానికి జతగా షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు ముగ్గురు, ఒక్కొక్కరు ఒక్కో సాక్ష్యం కాగితం మీద వేలిముద్రలు వేశారు. మొదటి ముద్ర మా అమ్మది. ఆ రోజు అమ్మ ముఖం నాకు బాగా గుర్తు, వేలికంటిన సిరాను చాలాసేపు కడుక్కోలేదు.

ముద్రల సంగతి సావుకారి చెవిన పడ్డట్టుంది, నాలుగు రోజులకు బాపు యార్డు నుంచి పొద్దున్నే తిరిగొచ్చాడు. ఒంటి మీద పసుపు లేదు. సంచి మూలకు వేసి, "బస్తా ముట్టొద్దన్నడు. ఇల్లు గూడ ఖాళీ చెయ్యమన్నడు" అన్నాడు. అమ్మ అన్నం వండలేదు. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని సిస్టరమ్మల గదికి పోయింది. గడప లోపలికి పోకుండానే, "నా ముద్ర నాకియ్యి సిస్టరమ్మా" అంది.

శాంత సిస్టరమ్మకు కోపమొచ్చింది. "నీ తోడబుట్టింది గదక్కా. నీ కండ్ల ముందట్నే గదా అయింది. నువ్వే లేదంటే ఇంకెవ్వలు జెప్తరు?"

"నువ్వు ఒక్కదానివి, ఏడికన్న పోతవ్. మేం ఏడికి పోవాలె?" అంది అమ్మ.

పెద్ద సిస్టరమ్మ లేచి, ట్రంకు పెట్టెలోంచి ఇంకా పంపని ఆ కాగితాలు తీసి అమ్మ చేతిలో పెట్టింది. శాంత సిస్టరమ్మ ఆపబోతే చెయ్యి పట్టుకుని వద్దంది. అమ్మకు చదువు రాదు. మూడు కాగితాలు, మూడు నీలం ముద్రలు. ఏది తనదో తెలియదు. నా ముందు పట్టుకుని, "నా పేరు యాడుంది బిడ్డా?" అని అడిగింది. నేను అక్షరాల మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివి, ఇదీ అని చూపించాను. నా వేలు పట్టుకుని చదువు నేర్పిన మనిషి అక్కడే నిలబడి చూస్తోంది. తప్పు లేకుండా చదివాను. అమ్మ ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టింది. మరో రెండు రోజుల్లో తక్కిన ఇద్దరు కూడా తమవి తెచ్చుకున్నారు.

అయినా సిస్టరమ్మలు తమ ఇద్దరి పేర్లతో అర్జీ పంపారు. అప్పుడు మొదలైంది ఆ మాట. ఎక్కడి నుంచి పుట్టిందో తెలిసినా ఎవరూ చెప్పరు. సిస్టర్లు చదువు పేరుతో పిల్లల మతం మారుస్తున్నారని, చాప కింద పుస్తకాలున్నాయని. నక్షత్రం కట్టినరోజు బటాణీలు తిన్నవాళ్లే అన్నారు. గల్లీ పంచాయితీలు చెప్పే వాడ కమిటీ వాళ్లు వచ్చే ఆదివారం పొద్దున సంఘం షెడ్డు ముందర కూర్చోవాలని చాటింపు వేయించారు.

ఆ శనివారం సాయంత్రం బాపు నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన నన్ను దగ్గరికి తీసుకోవడం తక్కువ. నా గౌను గుండీ ఒకటి ఊడిపోతే దాన్ని వేళ్లతో సర్దుతూ, "రేపు సావుకారి నిన్ను ఒక్క మాట అడుగుతడు. అవునను. ఇంకేం జెప్పకు" అన్నాడు. అబద్ధం చెప్పమనలేదు. ఏం మాటో చెప్పలేదు. నాకు అర్థమైంది. తొమ్మిదేళ్లు నడుస్తున్న పిల్లకు అర్థం కాదని పెద్దవాళ్లు అనుకుంటారు, పెద్దయ్యాక మనమూ అలాగే అనుకుని నిద్రపోవాలని చూస్తాం. నాకు అర్థమైంది. అర్థమై కూడా సద్ది తిన్నాను, ఆడుకున్నాను.

ఆదివారం సంఘం షెడ్డు ముందర గల్లీ మొత్తం ఉంది. కమిటీ వాళ్లకు కుర్చీలు, సావుకారికి చేతుల కుర్చీ. సిస్టరమ్మలిద్దరూ నిలబడి ఉన్నారు, ఎవరూ కూర్చోమనలేదు. మా క్రైస్తవ కుటుంబాల వాళ్లు దూరంగా, యార్డు గోడ నీడన. సావుకారి నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరి, మెత్తగా అడిగాడు. "భయపడకు బిడ్డా. నీకు జరమొచ్చినప్పుడు వీళ్లింట్ల పండుకున్నవ్ గదా. గప్పుడు నీ తలకాయ మీద నీళ్లు పోసి మంత్రం జదివిర్రా?"

శాంత సిస్టరమ్మ ఏదో అనబోయింది, ఎవరో ఆపారు. అమ్మ ఆడవాళ్ల గుంపులో ఉంది, ఆ మూడు రోజులూ పనికి పోతూ వస్తూ తడిగుడ్డను చూసిన మనిషి. పెద్ద సిస్టరమ్మ నన్నే చూస్తోంది. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. నాకు జ్వరంలో జావ తాగించేటప్పుడు ఎట్లా చూసేదో అట్లాగే చూసింది.

"పోసిర్రు" అన్నాను.

"ఇంకొక్కసారి గట్టిగ జెప్పు."

"పోసిర్రు."

బాపు అవునని మాత్రమే అనమన్నాడు. నేను ఇంకా ముందుకు పోయి, మాట మొత్తం అన్నాను. దాన్ని ఇప్పటికీ ఎవరి మీదా నెట్టలేను.

పెద్ద సిస్టరమ్మ కమిటీ వాళ్లతో అంది. "ఆ పాప చిన్నది. ఆమెను ఇంక అడగవద్దు. మేము వెళ్లెదము." అంతే మాట్లాడింది. అప్పటికే తీర్మానం అయిపోయింది. బోరింగు కాడ వాళ్లకు నీళ్లు పట్టనివ్వొద్దు, దుకాణంలో సామాను ఇవ్వొద్దు, మాట్లాడినవాళ్లను కూడా వాడ నుంచి వెలి వేయాలి.

మూడు రోజులు ఉన్నారు, నీళ్లు లేకుండా. శాంత సిస్టరమ్మ పెద్ద రోడ్డు దాకా పోయి హోటలు కాడ బిందె నింపుకొచ్చేది. నాలుగో పొద్దున ట్రంకు పెట్టెలు బయట పెట్టారు. ఒక్క రిక్షావాడూ గల్లీలోకి రాలేదు. ఆడవాళ్లందరూ గడపల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉన్నారు, తలలు ఎత్తలేదు. కత్తెరల చప్పుడు తప్ప గల్లీలో చప్పుడు లేదు. నేను కిటికీ సందులోంచి చూశాను. పెద్ద సిస్టరమ్మ పెట్టె ఎత్తి పది అడుగులు నడిచి, దించి, దమ్ము పట్టుకుని, మళ్లీ ఎత్తింది.

అప్పుడు మా ఇంట్లోంచి చిన్నమ్మ లేచింది. దవాఖాన నుంచి వచ్చినంక గడప దాటడం అదే మొదలు. కట్టు కట్టిన చెయ్యి ఛాతికి ఆనించుకుని, ఎడమచేత్తో వాళ్ల స్టవ్వు ఎత్తి నడుముకు పెట్టుకుంది. కిరసనాయిలు కారి చీర తడుస్తోంది. అమ్మ, "గంగూ, లోపటికి రా" అని పిలిచింది. చిన్నమ్మ వెనక్కి చూడలేదు. పెద్ద రోడ్డు దాకా వాళ్లతో నడిచింది. తిరిగి మా ఇంటికి రాలేదు. అటు నుంచి అటే వేల్పూర్‌లో మేనత్త ఇంటికి పోయింది.

ఆ అర్జీ మీద ఒక ఆఫీసరు వచ్చాడు. షెడ్డులో ఆడవాళ్లను వరసగా నిలబెట్టి అడిగాడు. గంగామణి అనే మనిషిని ఇక్కడ పనిలో చూశారా అని. అమ్మ కూడా చూడలేదంది. బెల్టుకు కొత్త రేకు మెరుస్తోందట ఆ రోజు.

గోడ లోపలికి పోయినంక సిస్టరమ్మలు ఏమయ్యారో మాకు తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. నేను చదువుకున్నాను. వాళ్లు వేసిన అక్షరాల మీదనే పదో తరగతి, నర్సింగు గట్టెక్కాను. నిజామాబాదులో ఒక దవాఖానలో పనికి కుదిరాను. అక్కడ ఒకసారి ముప్కాల్ నుంచి ఒక ముసలామెను తీసుకుని ఒకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, నూలు చీర, నాట్లు వేసి చీకిపోయిన కాలివేళ్లు. గొంతు వినగానే పోల్చుకున్నాను. శాంత సిస్టరమ్మ. నేనెవరో చెప్పుకున్నాను. ముసలామెకు సెలైన్ ఎక్కుతున్నంతసేపు బయట బెంచీ మీద కూర్చున్నాం.

వాళ్లు గేటు లోపలికి పోయిన రోజే మదర్ వాళ్ల ముందు ఒక కాగితం పెట్టి సంతకం చేయమందట. అర్జీ తప్పని, సావుకారి పేరు చెడగొట్టినందుకు మన్నించమని. సావుకారి అప్పటికే రెండుసార్లు వచ్చి పోయాడట. "మీరు గోడ లోపల ఉంటే ఇదంతా జరిగేదా" అని మదర్ అడిగిందట. ఆగ్నెస్ సిస్టరమ్మ విధేయత అని ప్రమాణం చేసిన మనిషి. కాగితం మీద సంతకం పెట్టలేదు కానీ కేరళకు పొమ్మంటే మారు మాట్లాడకుండా జీపు ఎక్కింది. అక్కడ మఠంలో వంటింట్లో పెట్టారు. నాలుగు ఉత్తరాలు రాసింది. ఐదోది ఆమె చనిపోయిందని వేరేవాళ్లు రాశారు. శాంత సిస్టరమ్మ సంతకమూ పెట్టలేదు, జీపూ ఎక్కలేదు. ఆ గేటులోంచే మళ్లీ బయటికొచ్చేసింది. సిస్టరు అన్న పేరు తీసేశారు. ముప్కాల్‌లో ఒక గది, పొద్దున ప్రార్థన, పగలు నాట్లు, కుట్టుపని, ఎవరూ లేని ఇద్దరు ముసలివాళ్లకు వంట. "గోడ లేదు, మదర్ లేదు. దేవునికి నాకు నడుమ ఇప్పుడెవ్వలు లేరు" అంది.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇన్నేళ్లు మనసులో అనుకుంటూ వచ్చిన మాటలు, ఏడుపు లేకుండా. ఆమె నా యూనిఫాం వైపు చూసింది.

"ఆగ్నెసమ్మ నిన్ను గా దినమే క్షమించింది. జీపెక్కేటప్పుడు గూడ నీ పేరు తలుసుకున్నది. నేనైతే ఇంకా క్షమించలే. దినాం ప్రార్థన చేస్తున్న గని నాతోని అయితలేదు."

"సావుకారిని?"

"ఆయన్ను ఎప్పుడో క్షమించిన. ఆయన ఆయన తీరుగనే ఉన్నడు. నేను అర్థం చేసుకోనిది మిమ్ముల్నే."

అని లేచి లోపలికి పోయి ముసలామె కాళ్ల మీద దుప్పటి సర్దింది. తర్వాత ఆమె ఆ దవాఖానకు రాలేదు, నేను ముప్కాల్ పోలేదు.

ఇప్పుడు ఆ గల్లీ లేదు. రేకుల ఇళ్ల వరస పడగొట్టి సావుకారి మనవలు గోదాములు కట్టారు, బోరింగు ఉన్నచోట లారీలు తిరుగుతాయి, గడపల మీద చాటలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లు ఎక్కడెక్కడికో చెదిరిపోయారు. చిన్నమ్మ అంకాపూర్ కూరగాయల మార్కెట్టులో బీరకాయలు, మిరపకాయలు అమ్ముతుంది, ఎడమచేత్తో తూకం వేస్తుంది. నేను ఎదురుపడితే పేరు పెట్టి పలకరిస్తుంది. అమ్మ పేరు ఎత్తదు. బాపు పోయాడు. అమ్మ నా దగ్గర, నిజామాబాదులోనే ఉంటుంది. పోయిన వానాకాలం మా అపార్టుమెంటులోకి ఇద్దరు సిస్టర్లు కిరాయికి వస్తున్నారని తెలిసి, కింద అందరూ ఏదో మాట్లాడుకుంటుంటే అమ్మ కూడా నిలబడి వింది. పైకొచ్చి, కూర తరుగుతూ, ఊరికే గుర్తొచ్చినట్టు, "మా గల్లీల గూడ గిట్లనే ఇద్దరుండిరి. పిల్లగాండ్లను మతంల కలుపుతున్నరని ఎల్లగొట్టినం" అంది.

నేను కత్తి ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాను. "అమ్మా, వాళ్లు గట్ల చెయ్యలేదే. తడిగుడ్డ ఏసిర్రు అంతే. నువ్వు చూసినవ్."

అమ్మ నా ముఖంలోకి చూసింది. ఆమె కళ్లలో అబద్ధం లేదు. నిజంగానే జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించి, దొరికింది చెప్పింది.

"పోసిర్రని అందరి ముందట నువ్వే జెప్పినవ్ గదా బిడ్డా."